బాబా మియా చేసిన స్ట్రైకర్

"అన్నీ ఒకటే చెల్లె, ఏదైతేంది?" అన్నాడు ఆటసామాన్ల గాలయ్య.

ఆ మాటకు తాహేరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నీ ఒకటేనట! అట్లయితే హాలియా నుంచి పాలమూరు దాకా బస్సులెక్కి దిగడానికి ఆమెకేమన్నా పిచ్చా?

ఆమె వెతుకుతున్నది క్యారం స్ట్రైకర్ కోసం. పాతది వాళ్ల నాన్న బాబా మియా చేసింది. కొమ్ము దువ్వెనలు చేసి బతికిన మనిషి. బర్రెకొమ్మును గుండ్రంగా కోసి, నెలరోజులు అరగదీసి బిడ్డ చేతిలో పెట్టాడు. అది అవతలి అంచుకు తగిలి రెండు జానలు వెనక్కొచ్చి బుద్ధిగా ఆగేది.

పోయిన ఏడు, తొంభై మూడులో, హుజూర్‌నగర్‌లో ఆడవాళ్లకు పోటీ పెట్టారు. పోటీ పెద్ద ఐలేశం సారు ఆ స్ట్రైకర్‌ను అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "పదిహేను గ్రాములు దాటొద్దు. ఇది బరువుంది" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన సొమ్మేం పోయేది? మైకు అందుకుని "దొంగ స్ట్రైకర్లు తేవొద్దమ్మా!" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. చనిపోయి మూడేళ్లయిన బాబా మియా ఒక్క మాటతో దొంగసరుకు చేసినవాడయ్యాడు. వాళ్లిచ్చిన ప్లాస్టిక్‌ది అంచుకు తగలగానే వెనక్కి ఉరికొచ్చి గుంతలో పడేది. తాహేరా చిత్తుగా ఓడిపోయింది.

నాన్న స్ట్రైకర్ లాగా నడిచే కొత్తది ఒక్కటి దొరికితే, గెలిచి వాళ్ల నోళ్లు మూయించాలని ఆమె పంతం. ఏడాదిగా ప్రతి దుకాణంలో బోర్డు దింపించి, పౌడరు చల్లించి కొట్టి చూసింది. ఒకటి జారిపోతుంది, ఒకటి ఎగిరిపడుతుంది. కొనకుండానే లేచి వస్తుంటే దుకాణదారులు గొణిగారు. గొణగనీ. చెత్త అమ్మేవాళ్లకు లేని సిగ్గు ఆమెకెందుకు?

"గట్లయితే ఓ పని చెయ్యి," అన్నాడు గాలయ్య విసిగి. "నీ పాతదాన్ని జోకించుకరా. దానికి జర తక్కువ బరువున్నది తెప్పిస్త."

ఆ మాట బాగానే తోచింది. అవుసుల ఎల్లస్వామి బంగారం తూచే కాంటాలో కొమ్ము స్ట్రైకర్ వేశాడు.

"పద్నాలుగు గ్రాములు," అన్నాడు.

"మల్ల జోకు కాకా."

మళ్లీ తూచాడు. మూడోసారీ తూచాడు. ముల్లు మాట మార్చలేదు. తాహేరాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడాదంతా ఈ స్ట్రైకర్‌కు బదులు వెతికింది! నాన్న చేసినదాన్ని తానన్నా ఒక్కసారి తూయించి చూడలేదే! ఐలేశం సారు అరచేతిని నమ్మింది. సారు మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద తనకు అంతకు రెండింతలు వచ్చింది.

"నీ కాంటా ఒక్కరోజు ఇస్తవా కాకా?"

ఎవరికీ ఇవ్వని కాంటాను ఎల్లస్వామి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఈ ఏడు పోటీలో ఐలేశం సారు మళ్లీ అరచెయ్యి చాపాడు.

"నీ చెయ్యి కాంటానా సారూ?" అంటూ తాహేరా గుడ్డ విప్పింది. చుట్టూ ఉన్నవాళ్లంతా వంగి చూశారు. పద్నాలుగే.

సారు గొంతు సవరించుకుని మైకులో, "తాహేరా బేగంకు అనుమతి ఇస్తున్నం," అన్నాడు, దానం చేస్తున్నట్టు.

"అనుమతి ఎవలు అడిగిన్రు?" అంది తాహేరా. "దొంగదని మైకుల అన్నవు. కాదని మైకులనే చెప్పు. మా నాయిన పేరు పెట్టి చెప్పు."

సారు నలుదిక్కులా చూశాడు. ఒక్కరూ ఆదుకోలేదు. చివరికి నేల చూస్తూ చెప్పాడు: "బాబా మియా చేసిన స్ట్రైకర్ సరైనదే. పోయినేడు నేను జోకకుంట అన్న. తప్పు నాది."

తాహేరా రెండో ఆటలోనే ఓడిపోయింది. కేతేపల్లి పిల్ల ఒకతె ఊపిరాడనియ్యలేదు.

తిరుగు బస్సులో ఆమె నవ్వుతుంటే భర్త జాఫర్ బిత్తరపోయాడు. "ఓడిపోయి నవ్వుతవేంది?"

"పోయినేడు మా నాయిన ఓడిండు," అంది తాహేరా. "ఇయ్యాల నేను ఓడిన. గంతే."