విషానికి కొసరు

వాషర్‌మెన్‌పేట్‌లో కోదండరాం గారి పప్పుల కొట్టులో ఒక ఆచారం ఉంది. తూకం సరిపోయాక, పొట్లం కట్టబోయే ముందు, ఇంకో చిటికెడు పైన పడాల్సిందే. కొసరు వేయకపోతే ఆ ఇంటివాళ్ళకు చెయ్యి దురద పెడుతుంది. మనవరాలు కన్యక మాధవరంలో ఒక ల్యాబ్‌లో పరిశోధనకు చేరింది గానీ, చెయ్యి మాత్రం కొట్టుదే.

ఆమె పని ఎలుకలతో. కేన్సర్ తెప్పించే ఒక పొడిని మేతలో కలిపి, ఒక గుంపుకు కొద్దిగా, ఒక గుంపుకు మధ్యస్థంగా, ఇంకో గుంపుకు ఎక్కువగా పెట్టి, వాటి కాలేయంలో ప్రొటీన్లు ఎలా మారతాయో చూడాలి. మోతాదు పెరిగేకొద్దీ ఒక ప్రొటీన్ మెట్టు మెట్టుగా పెరగాలి. కన్యక ఎలుకల్లో కొద్ది మోతాదు తిన్నవి ఏకంగా మధ్య మెట్టెక్కి కూర్చున్నాయి.

"ఇంత తక్కువకే ఇంత మార్పా! కొత్త సంగతి మేడమ్," అంది గైడ్ ఇందుమతితో, నేల మీద కాలు నిలవకుండా.

"కొత్త సంగతో, పొరపాటో. సోమవారం పరిశోధన కమిటీ ముందు చెప్పేలోగా ఇంకోసారి ఆలోచించమ్మా," అంది ఇందుమతి. కన్యకకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళకు పిల్లల గొప్ప ఎప్పుడు ఆనింది కనుక!

ఆదివారం తాతకు సాయంగా కొట్టులో కూర్చుంది. ఒకామె పావుకిలో మినప్పప్పు అడిగింది. కన్యక తూచి, పళ్ళెం దించి, పొట్లంలో పోసి, గరిటెలో మిగిలిన నాలుగు పలుకులూ పైన తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ల్యాబ్‌లోనూ ఇదే చేసింది. పొడి తూచి, బరువు రాసుకుని, సీసా త్రాసు మీంచి దించాక, స్పూన్‌కు మిగిలింది అందులో ఒక్క తట్టు తట్టేది. ఎక్కువ మోతాదుకు ఆ చిటికెడు సముద్రంలో కాకిరెట్ట. కొద్ది మోతాదుకు అదే రెట్టింపు.

"తాతా, నేను విషానికి కూడా కొసరేసినాను," అని సంగతంతా చెప్పింది.

కోదండరాం పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన వంశంలో ధర్మం ఏడికీ పోదు మే! అడక్కపోయినా ఏస్తాం!" నవ్వి నవ్వి ఆగాడు. "అవునూ, ఆ ఎలకలు?"

"పోయినాయి తాతా. కోస్తేనే కదా కాలేయం చూసేది." కన్యకకు వాటిని ఊరికే చంపినట్టయింది. "ఇప్పుడు చెప్తే అంతా మొదట్నుంచి. ఇంకా ఎలకలు చావాల. చెప్పకుంటే నాకు పేరొస్తాది."

"మన కొట్టులో కొసరు చెప్పకుండా ఏసినా పుణ్యమే పాపా. ఆడ చెప్పకుంటే అది దొంగ తూకం," అన్నాడు తాత.

సోమవారం కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇందుమతి తిట్టలేదు. మళ్ళీ తూచేటప్పుడు మాత్రం పక్కనే నిలబడింది. కన్యక బరువు రాసుకోగానే సీసాకు మూత పెట్టేసింది. చెయ్యి దురద పెట్టింది. స్పూన్‌ను మిగిలిన పొడితో సహా విషపు చెత్త డబ్బాలో వేసింది. ఈసారి ప్రొటీన్లు ఏ మెట్టువి ఆ మెట్టు మీదే ఉన్నాయి. కొత్త సంగతీ లేదు, పేరూ లేదు.

మళ్ళీ కొట్టులో కూర్చున్న రోజున ఆ మినప్పప్పు ఆమే వచ్చింది. పొట్లం అందుకుని అనుమానంగా చూసింది.

"ఏం పాపా, కొసరేదీ?"

కన్యక నాలుక కరుచుకుంది. దోసిలి నిండా పప్పు తీసి ఆమె సంచిలో పోసింది.

"కొసరంటే చిటికెడు మే!" అని కోదండరాం లబోదిబోమన్నాడు.

"ఇది ఆ ఎలకల పేరు మీద తాతా," అంది కన్యక.

తాత తనూ ఒక చిటికెడు తీసి ఆ సంచిలో వేశాడు.