పావుగంట పెట్రోలు

గాలివాన వెలిసి మూడు రోజులైనా వీధిలోకి కరెంటు రాలేదు. బట్టలు కుట్టుకుని బతికే అక్క ఇంట్లో మాత్రం ఒక దీపం, తల్లి మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ జనరేటర్ మీద నడుస్తున్నాయి. మిషన్ ఆగితే తల్లి పెదవులు నల్లబడతాయి. మళ్లీ వేసినా గాలి సరిగా అందడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కిందటేడు ఒకసారి ఆ అయిదు నిమిషాలూ ఆమె తల్లి చెయ్యి పట్టుకుని గడిపింది. అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

జనరేటర్‌ని ఇంటికి కలిపే వైరు తమ్ముడే చేసిచ్చాడు. అతను లైన్‌మన్. ఆ వైరుకు రెండు కొసలా ప్లగ్గులే. ఒకటి జనరేటర్‌కి, రెండోది గోడ సాకెట్‌కి. అలా కలపకూడదని అతనికి తెలుసు. అక్క మీద నమ్మకం కొద్దీ చేశాడు. "ముందు మెయిన్ స్విచ్ దించు, తర్వాతే జనరేటర్ వెయ్యి. లేదంటే మనింటి కరెంటు వీధి తీగలోకి ఎక్కుతుంది" అని ఆమె చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. రెండేళ్లలో ఆమె ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ వీధి చివర తెగిన తీగ దగ్గరే ఉన్నా. పది నిమిషాల్లో కరెంటు ఇచ్చేస్తా. ఈలోపు నా చొక్కా కుట్టెయ్. గుడ్డ ఇచ్చి ఆర్నెల్లయింది."

"కొలతలేవిరా? నీ పొట్ట నెలకో సైజు. తీరా కుట్టాక గుండీలు పట్టవు."

"అంతా అమ్మ పోలిక."

మంచం మీద తల్లి నవ్వబోయి దగ్గింది. "వాణ్ణి తిని వెళ్లమను" అంది.

ఫోన్ పెట్టేసి అక్క వరండాలోకి వెళ్లి ట్యాంకు మూత తీసి చూసింది. పెట్రోలు అడుగంటింది. పావుగంట వస్తే గొప్ప. కరెంటు వచ్చాక జనరేటర్ ఆపి, వైరు పీకి, మెయిన్ ఎత్తేలోపు మిషన్ ఆగుతుంది. మళ్లీ ఆ అయిదు నిమిషాలు. ముందే మెయిన్ ఎత్తి ఉంచితే, పెట్రోలు అయిపోయినా వచ్చిన కరెంటు అందుకుంటుంది కదా అనుకుంది. తమ్ముడి మాట గుర్తు రాకపోలేదు. తెగిన తీగే కదా, కరెంటు ఎక్కినా ఎక్కడికి పోతుందిలే అని సర్దిచెప్పుకుంది.

మెయిన్ ఎత్తింది.

రెండు నిమిషాలు కాకముందే వీధి చివర కేకలు వినిపించాయి. ఆ తర్వాత జీపు వెళ్లిన చప్పుడు. తమ్ముడి పైఅధికారి ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చి, ఈ ఇంటి బోర్డు ముందు ఆగిపోయాడు.

"మెయిన్ ఎవరెత్తారు?"

"నేనే."

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు వాడే పీకాడమ్మా. నా చేతిలో పెట్టి మరీ స్తంభం ఎక్కాడు. ఇక భయం లేదు సార్ అన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"జీపెక్కించేసరికే ఊపిరి లేదమ్మా" అన్నాడు అతను గొంతు తగ్గించి. తర్వాత మెయిన్ దించాడు. మిషన్ ఆగలేదు. దాని చప్పుడులో ఆవగింజంత తేడా కూడా రాలేదు. వరండాలోకి వచ్చి జనరేటర్ ఆపడానికి వంగినవాడు, కిటికీలోంచి ముసలావిడ ముక్కుకున్న గొట్టం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేనొస్తాను, నన్ను తీసుకెళ్లండి" అంది అక్క.

"ఈవిడ దగ్గర ఎవరుంటారు?"

ఆమె వేసుకున్న చెప్పులు విడిచింది.

లోపలి నుంచి తల్లి పిలిచింది. "వచ్చాడా వాడు?"

"వాళ్ల సారమ్మా."

"వాణ్ణి తొందరపెట్టకండి నాయనా. అన్నం ఎక్కడికీ పోదు."

పైఅధికారి, "ఇవాళ ఈ లైను మీద ఎవరూ ఎక్కరు. పెట్రోలు పంపిస్తాను" అని వెళ్లిపోయాడు.

సీసా వచ్చేసరికి జనరేటర్ ఆయాసపడుతోంది. ఆపితే మిషన్ ఆగుతుంది. ఆమె ఆపకుండానే, వేడి ఇంజను మీద ఒక్క చుక్క ఒలకకుండా పెట్రోలు పోసింది.