మల్లన్న ఉన్న టీవీ

స్క్రూడ్రైవర్లను ప్యాంటుకు తుడిచి సంచిలో వేసుకుంటూ హనుమండ్లు తన ఇంటి టీవీ వైపు ఒకసారి చూశాడు. పాత డబ్బా టీవీ. అందులో ఎరుపు రంగు పోయి చాలా కాలమైంది. వార్తలు చదివే పిల్ల మొదలుకొని దేవుళ్ల దాకా అందరూ పాకురు పట్టినట్టు పచ్చగా ఉంటారు. ఊరందరి టీవీలకూ రంగులు తెప్పించే మనిషి ఇంట్లో ఇదేమిటని అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. భార్య కమలవ్వ బీడీలు చుడుతుంది. ఆమె చూపు ఎప్పుడూ చాటలోని తంబాకు మీదే. ఆమె టీవీని వింటుంది తప్ప చూడదు.

"పొద్దుగాల్నే ఎటు?" అంది కమలవ్వ తలెత్తకుండా.

"మల్లన్న ఇంటికి. కొడుకు ఫోన్ జేసిండు. దుబాయి టీవీల బొమ్మ ఖరాబయిందట."

"పాపం, మల్లన్న పోయి నెల గాలే. అప్పుడే టీవీ ఫికరా?"

హనుమండ్లు మోపెడ్ తీసి, పత్తి ట్రాక్టర్ల మధ్య సందు చూసుకుంటూ జమ్మికుంట దాటాడు. బక్కపలచటి మనిషి. దేన్ని చూసినా కుడికన్ను సగం మూసి చూసే అలవాటు. యవ్వనమంతా పరాయి ఇళ్ల కప్పుల మీద, యాంటెన్నా తిప్పుతూ, "వచ్చిందా?" అని కిందికి అరవడంలోనే గడిచిపోయింది. "వచ్చింది!" అని కింద పిల్లలు కేకేస్తే అతనికి కడుపు నిండేది. తర్వాత కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది, గోడకు అతుక్కునే టీవీలొచ్చాయి. బాగు చేయించుకోవడం మానేసి జనం పారేసి కొనడం నేర్చారు. అయినా ఒక పేరు మాత్రం మిగిలింది. కొనేముందు చాలామంది అతన్ని పిలిచి, బొమ్మ చూసి చెప్పమంటారు.

దుకాణంలో అన్ని లైట్ల కింద టీవీ చూసి కొనడమంటే, పౌడరు చూసి పిల్లను ఒప్పుకోవడమే అంటాడు హనుమండ్లు. ఇంట్లో పెట్టుకునే టీవీని ఇంట్లోనే చూడాలి. అదీ మెరుపును కాదు, నలుపును చూడాలి.

మల్లన్న ఇంట్లో అతను చేసింది కూడా అదే. కిటికీలు మూశాడు. వెలుతురొస్తున్న చోట చద్దరు వేలాడదీశాడు. మల్లన్న భార్య లస్మవ్వ గోడకానుకుని కింద కూర్చుంది. కొడుకు కరుణాకర్ రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. దుబాయి నుంచి వచ్చేస్తూ అతను మోసుకొచ్చిన ప్లాస్మా టీవీ అది. గోడలో సగం ఉంటుంది.

టీవీలో సీరియల్ నడుస్తోంది. హనుమండ్లు ముందు అందులోని అమ్మాయి జడ చూశాడు. చీకట్లో కూడా వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయి. చెంపలు మనిషి చెంపల్లాగే ఉన్నాయి. ఛానల్ మార్పించి, పరుగెత్తే గుర్రాలను చూశాడు. కాళ్లు చెదరలేదు. పక్కకు జరిగి మూల నుంచి చూసినా రంగు మారలేదు.

"గింత మంచి బొమ్మ గిప్పటి టీవీలల్ల దొరకది కరుణాకరా. కొత్తయి మస్తు మెరుస్తయి గని, గీ నలుపు రాదు."

"బొమ్మ మంచిదే కాకా. బొమ్మ ఎనుక జూడు."

హనుమండ్లు కుడికన్ను సగం మూశాడు. గుర్రాల వెనక, పలచటి నీడలా, తలకు రుమాలు చుట్టుకుని మల్లన్న ఉన్నాడు. మీసాలు, భుజం మీద తువాల, కొంచెం నవ్వుతున్నట్టున్న కళ్లు.

జరిగింది కరుణాకర్ చెప్పాడు. తండ్రి పోయిన రోజు ఇంట్లో దండ వేయడానికి పెద్ద ఫొటో లేదు. ఉన్న చిన్న ఫొటోను పెద్దది చేయించడానికి ఇస్తే స్టూడియోవాడు ఆలస్యం చేశాడు. అందుకని తన పెళ్లి వీడియోలో బాపు ముఖం వచ్చిన చోట ఆపి, టీవీకే దండ వేశారు. కింద దీపం పెట్టారు. పెద్దకర్మ దాకా దీపం కొండెక్కకూడదు గదా! టీవీ కూడా ఆరిపోకూడదనుకున్నారు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిపారు. ప్లాస్మా తెర మీద ఒకే బొమ్మ రోజుల తరబడి నిలిస్తే దాని అచ్చు పడిపోతుంది. రాత్రింబగళ్లు కదలకుండా అక్కడే ఉన్న మల్లన్న ఇక తెరను వదల్లేదు.

"పోతదా కాకా? పోదంటె చెప్పు, దీన్ని ఇచ్చేసి కొత్తది తెస్త."

పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒట్టి తెల్ల తెర పెట్టుకుని పొద్దంతా నడిపితే చాలావరకు పోతుందని హనుమండ్లుకు తెలుసు. చెప్పబోతూ లస్మవ్వ వైపు చూశాడు. ఆమె కొడుక్కు కనబడకుండా తల అడ్డంగా ఊపింది.

హనుమండ్లు సంచి వైపు చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఇన్నేళ్లూ బొమ్మ రప్పించడమే అతని పని. ఉన్న బొమ్మను పోగొట్టమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పోదు అంటే కరుణాకర్ టీవీని అమ్మేస్తాడు, అప్పుడూ మల్లన్న పోతాడు. పోతుంది అంటే తన చేత్తోనే పంపాలి.

"ఉండనియ్యరాదురా," అంది లస్మవ్వ కొడుకుతో. "కొత్తది ఎందుకు, దీన్ని తీసుడెందుకు? నేనేమన్న పరేషాన్ జేస్తున్ననా? సూస్కుంట ఉంట."

అంతలో కోడలు వినోద చాయ్ తెచ్చింది. నిండు నెలలు. చాయ్ ఇచ్చి, వెళ్లకుండా తలుపు చెక్కను పట్టుకుని టీవీ చూస్తూ నిలబడింది. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలికి మార్చుకుంటోంది. పక్కనే ఖాళీ కుర్చీ ఉంది.

"కూసో బిడ్డా, నిలవడ్డవేంది?" అన్నాడు హనుమండ్లు.

వినోద కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. "మామ ముంగట ఎట్ల కూసుంట కాకా?"

హనుమండ్లుకు నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల నవ్వులాటకు అనలేదని చూడగానే తెలిసింది. కరుణాకర్ తల గోక్కున్నాడు. "దినాలైన సంది గిదే కథ. ఎంత జెప్పిన ఇనది."

లస్మవ్వ కోడలి కాళ్ల వైపు చూసింది. వాచి ఉన్నాయి. ఆ తర్వాత తెర మీది మల్లన్న వైపు చూసింది.

"ఆయన ఉన్నప్పుడు," అంది చివరికి, "గీ పిల్ల టీవీ కాడికి రాంగనే లేసి బయటికి వోతుండె. తను ఉంటె పిల్ల కూసోదని. ఎండైనా, ఆనైనా వాకిట్ల కుర్చేసుకొని కూసుంటుండె. గిప్పుడు అండ్లకెళ్లి ఎట్ల లేస్తడు, ఎటు వోతడు?" హనుమండ్లు వైపు తిరిగింది. "పోనియ్యి హనుమండ్లు. ఆయనకు గూడ గట్ల ఉండుడు నచ్చది."

హనుమండ్లు పెన్‌డ్రైవ్ పెట్టాడు. గదంతా తెల్లబడింది. మిగతా బొమ్మలేవీ లేని ఆ తెల్లటి తెర మీద మల్లన్న అన్నిటికంటే స్పష్టంగా కనబడ్డాడు, నుదుటి ముడతలతో సహా. లస్మవ్వ జరిగి జరిగి తెర ముందుకు వచ్చి కూర్చుంది. హనుమండ్లుకు ఏడుపొచ్చింది. ఇంకో ఇంట్లో పని ఉందని చెప్పి బయటపడ్డాడు.

ఆ రోజు రెండిళ్లలో డిష్‌లు సరిచేశాడు. ఒకచోట వైరు తప్పు కలిపి మళ్లీ విప్పాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి లస్మవ్వ అక్కడే ఉంది. అన్నం పళ్లెం పక్కన పెట్టిన చోటే ఉంది. తెర మీద ఇక ఏమీ లేదు.

"పగటీలి ముందుగాల రుమాలు వోయింది. తర్వాత మీసం," అంది ఆమె నెమ్మదిగా. "కండ్లు గిప్పుడే."

అతను పెన్‌డ్రైవ్ తీసి సీరియల్ పెట్టాడు. జడ నల్లగా, చెంపలు చెంపల్లా వచ్చాయి. వినోద తెరను చూసింది, అత్తను చూసింది. కుర్చీ లాక్కుని, చేతుల మీద ఆనుకుంటూ మెల్లగా కూర్చుంది. లస్మవ్వ కోడలి కాళ్ల కిందికి ఒక పీట జరిపింది. హనుమండ్లు సంచి భుజానికి తగిలించుకుని బయటికి వచ్చాడు.

వాకిట్లో, తలుపుకు వీపు పెట్టి వీధి వైపు తిరిగి, మల్లన్న ప్లాస్టిక్ కుర్చీ ఉంది.