పరీక్షకు ముందు పస్తు

మా నాన్న షుగరుతోనే పోయారు. అందుకే ఈ వేసవిలో నాకు దాహం ఎక్కువైందనగానే, జగదల్‌పూర్ వెళ్లి మూత్రం పరీక్ష చేయించుకోవాల్సిందేనని మా ఆవిడ సుశీలమ్మ పట్టుబట్టింది. షుగరు ఉందని తేలితే ఇంట్లో బెల్లం డబ్బాకు తాళం పడుతుంది.

కోంటలో నాది చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారం. సరుకును చూపించే ముందు బాగు చేసుకోవడం నాకు కొత్త కాదు. ఒంటిని కూడా అలాగే బాగు చేద్దామనుకున్నాను. తీపి మానితే చాలదనిపించి అన్నమే మానేశాను. ఇంట్లో అడిగితే దుకాణంలో తిన్నానని చెప్పి, రెండు రోజులు మంచినీళ్లతో నెట్టుకొచ్చాను.

జగదల్‌పూర్ ల్యాబులో పనిచేసే మాసే అనే అమ్మాయి మా కోంట వైపుదే. నేనిచ్చిన మూత్రం సీసాలో పరీక్ష పట్టీ ముంచి, దాని రంగులను డబ్బా మీది రంగులతో పోల్చి చూసింది.

"షుగర్ లేదు సేఠ్."

నేను సుశీల వైపు తలెగరేశాను.

"ఆగుండ్రి. ఇగో, ఈ గడి ఊదారంగు తిరిగింది. దీన్ని కీటోన్ అంటరు. తిండి లేకుంటే ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటది, అప్పుడు కనిపిస్తది. షుగర్ ముదిరినోళ్లకు గూడ వస్తది గానీ, మీకు షుగర్ గడి మారలే. నిన్న ఏం తిన్నరు?"

"అన్నమే. ఇంకేం తింటా?"

"ఎక్కడ?" అంది సుశీల. "నా వంటింట్ల గాదు. దుకాణంల తిన్ననంటివి గదయ్యా!"

"ఉపాసమా సేఠ్? ఏ దేవునికి?" మాసే నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"బెల్లం దేవునికి! బస్తాల పైన మంచి సరుకు పోసినట్టు, నిన్ను గూడ బురిడీ కొట్టిద్దామనుకున్నడు."

"పస్తుండి ఇస్తే రోగం ఉన్నదీ తెల్వదు, లేనిదీ తెల్వదు. నాలుగు రోజులు ఎప్పటిలెక్క తిని రాండ్రి. రక్తం గూడ చూడాలె," అంది మాసే.

బస్టాండ్ దగ్గర హోటల్లో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. సుశీల నవ్వుతూ చూసిందే తప్ప తిట్టలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు పట్టీ మీద ఒక్క గడీ మారలేదు. రక్తంలో చక్కెర హద్దులోనే ఉంది, కాస్త అంచున. డాక్టరు మందు రాయలేదు. తీపి సగానికి తగ్గించమన్నాడు. ఆ సగం ఎంతో తేల్చే అధికారం మాత్రం సుశీలకు దక్కింది.

తిరుగు బస్సులో ఆమె బెల్లపుండ విరిచి, చిన్న ముక్క నా చేతిలో పెట్టింది. పెద్దది తను తీసుకుంది.

నేను బేరమాడలేదు.