పుడిసెడు నీరు

శ్రావణమేఘములు గౌతమీజలములపైకి వ్రాలి నీటికిని మింటికిని నడుమనున్న గీటును చెరిపివేయగా గట్టుమీది రెల్లుదుబ్బులు గాలికి సాగిలపడి లేచుచుండగా, ఆ పూర్ణిమాప్రాతఃకాలమున భైరవావధానుల వేదపాఠశాలలో విద్యార్థులు నూతనయజ్ఞోపవీతధారులై వరుసదీరి నిలిచియుండిరి. ఆ పాఠశాలకొక ఆచారము కలదు. ఏటేట శ్రావణపూర్ణిమనాడు పాఠము మరల ఆరంభించుటకు మున్ను ప్రతి విద్యార్థియు అరచేత పుడిసెడు నీరు పట్టి తానెందులకు చదువుచున్నాడో తెలుగుమాటలలో గురువునకు విన్నవించి ఆ నీటిని పళ్ళెరములో విడువవలెను. మాట సమ్మతమైనచో గురువు తలయూచి ముందువరుసకు పిలుచును. చెప్పలేనివాడు ఏడాదియెల్ల వెనుకవరుసలో కూర్చుండవలెను.

మార్కండేయుడు గడచిన యేట చెప్పలేకపోయెను. తండ్రి అతని మెడలో జందెముతోపాటు చదువును కూడ వేసి పంపెను గాని అది యెందులకో చెప్పి పంపలేదు. అతడు నోటమాట లేక నిలిచియుండగా నీరు వ్రేళ్ళసందులనుండి కారిపోయెను.

"ఏరా, నీ నీళ్ళు నేల తాగేసింది. ఎందుకు చదువుతున్నావో చెప్పవేం?" అని అవధానులడిగెను.

"మా నాన్న చదవమన్నారండీ."

"అయితే మీ నాన్ననే పంపించు, ఆయనకే చెబుతాను. నువ్వు వెనక్కి పో."

విద్యార్థులు నవ్విరి. గురుని కుడిప్రక్కన కూర్చుండు పేరయ్య అందరు నవ్వుట మానిన పిదపను నవ్వెను.

ఆ నవ్వే మార్కండేయునకు లక్ష్యమయ్యెను. మరుసటి పూర్ణిమకు ఈ ముసలి గురువే తలయూచి తన్ను ముందునకు పిలువవలెనను పంతముతో అతడు కాకులు మేల్కొనకమునుపే మొలలోతు నీట నిలిచి ప్రవాహఘోషమును మించునట్లు వేదభాగములైన పనసలు వల్లెవేయసాగెను. అది విద్యపై ప్రేమ గాదు. దైవముపై భక్తియు గాదు. పగ. పగబట్టినవానికి నిద్ర యక్కరలేదు.

అయినను ఒక్కటి అతని గుండెను దొలుచుచుండెను. స్వరమెత్తవలసినచోట పేరయ్య దించినను అవధానులు తలయూచును. తాను తప్పులేక చెప్పినను అట్లే తలయూచును. ఇది పక్షపాతమని మార్కండేయుడు నిశ్చయించుకొనెను. అవధానుల భార్య బ్రతికియున్నంతకాలము వాకిటికెవరు వచ్చినను ఆమె భర్త భుజము తట్టి చెప్పెడిది. ఆమె పోయిన పిమ్మట వెనుకనుండి పిలిచినవారికి ఆయన పలుకుట మానెను. ఊరివారు దానిని దుఃఖమనిరి. మార్కండేయుడు గర్వమనుకొనెను.

పూర్ణిమ వచ్చెను. నదిలో నిలిచి యరచియరచి మార్కండేయుని కంఠము ఆ తెల్లవారుజామున పూర్తిగా మూతపడెను. పేరయ్య "వంశం పేరు నిలబెట్టడానికండీ" అని నీరు విడిచి తలయూపించుకొని కూర్చుండిన పిదప ఇతని వంతు వచ్చెను. ఈమారు వ్రేళ్ళు బిగించెను. నీరు కారలేదు. "మీచేత తప్పు లేదనిపించుకోవడానికి" అని యేడాదిగా దాచుకొన్న మాటను పలుకబోయెను. పెదవులు కదలెను గాని ధ్వని పుట్టలేదు. మరల యత్నించెను. గాలియైన వెలువడలేదు.

"గొంతు కూడా నాన్నగారి దగ్గరే వదిలొచ్చావురా?" అని పేరయ్య ప్రక్కనుండి గొణిగెను.

అవధానులు అతని పెదవులవైపే రెప్పవేయక చూచి గంభీరముగా తలయూచెను.

"బాగా చెప్పావు. ముందుకు రా."

పేరయ్య నవ్వు ముఖముననే నిలిచిపోయెను. "గురువుగారూ, వీడసలు నోరే..." అని అతడు ప్రక్కనుండి ఆరంభించెను. అవధానులు తల త్రిప్పలేదు. అప్పుడు మార్కండేయునకు వాకిటి పిలుపులును పేరయ్య దిగుస్వరములును ఒక్కసారిగా అర్థమయ్యెను. అతడు పేరయ్య చేతిని గట్టిగా పట్టి వాని మాటనాపెను. గురువునకు చెవులు వినబడవను సంగతి బయటపడినచో పాఠశాలకు ధాన్యమిచ్చు దాతలు మరుదినముననే మానివేయుదురు, ముసలివాడు వీధిపాలగును.

ఏడాదిపాటు ఏ మెప్పుకై తాను కంఠము పోగొట్టుకొనెనో అది పెదవుల కదలికకు దొరకునట్టి మెప్పు. అంతకన్న ఘోరమైనది వేరొకటి కలదు. తాను చదివినదానిలో ఒప్పెంతయో తప్పెంతయో వినిచెప్పగల చెవి ఆ కప్పుక్రింద లేదు.

మార్కండేయుడు నీటిని పళ్ళెరములో విడిచి సాష్టాంగపడి లేచి వెనుకవరుసకు పోయి కూర్చుండెను.

"పిలిచినా రావేమిరా? అంత పొగరా?" అని అవధానులు గద్దించెను.

ముందువారి వీపుల చాటున తన పెదవులు గురువు కంటబడవని యతడెరుగును. కంఠము తిరిగివచ్చినది మొదలు అచ్చటనుండియే తోటివారి తప్పులు దిద్దసాగెను.

"పేరయ్యా, అక్కడ స్వరం దిగదు, లేస్తుంది. మళ్ళీ చెప్పు."

"నన్ను దిద్దడానికి నువ్వెవడివిరా?"

"ఎవడినీ కాను. మళ్ళీ చెప్పు."

వారు చెప్పిరి, తిట్టుచు చెప్పిరి. అతనితో కలిసి భోజనమునకు కూర్చుండుట మానిరి. పాఠములేని దినములలో అతడు పడవయెక్కి ఆవలిగట్టున నున్న యొక ఘనపాఠి యింటికి పోయి మొదటి పనసనుండి మరల చెప్పించుకొనెను. చదివినదానిలో తప్పులు కుప్పలుగా బయటపడెను. ఆ ఘనపాఠికిని అవధానులకును చిరకాలముగా మాటలు లేవు. సంగతి తెలిసి అవధానులు "గురుద్రోహి" అనెను. మార్కండేయుడు పాఠములేని మరుసటి దినమునను పడవయెక్కెను.

మరుసటి శ్రావణపూర్ణిమనాడు అతడు మరల నీరు పట్టి నిలిచెను. ఎందులకు చదువుచున్నాడో ఈమారు అతనికి తెలియును: ఆ కప్పుక్రింద లేని చెవి తానగుటకు. ఎవరికి చెప్పవలెనో ఆ గురువు వినలేడు, వినగలవారు సహింపరు.

"ఇంకా తెలియలేదా నీకు?" అని అవధానులు ఈసడించెను.

పెదవి కదిపినచో ముసలివాడు తలయూచునని మార్కండేయుడెరుగును. కనుకనే కదపలేదు. వ్రేళ్ళు వదులుచేసెను. పుడిసెడు నీరును నేల త్రాగెను.