కేకుల బండికి డీజిలు ఇంజను

వదిన కేకులు చేస్తుంది, మరిది వాటిని వ్యానులో ఇళ్లకు చేరుస్తాడు. దుకాణం మొదటి నుంచీ నడిచింది అలాగే. ఉన్నది ఒకే పెట్రోలు బండి.

పెట్రోలు ధర వారం వారం పెరగడం మొదలయ్యాక మరిదికి తిన్నది ఒంటబట్టలేదు. బంకు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా బోర్డు మీద పెట్రోలు కంటే ఎంతో తక్కువున్న డీజిలు ధర చూసి కడుపు మండిపోయేది. ఇంజను మార్పించేద్దామని ఇంట్లో పోరు పెట్టాడు. మార్పిడి ఖర్చు రాబట్టాలంటే ఎన్ని కేకులు మోయాలో ముందు లెక్క చెప్పమంది వదిన. వాళ్లిద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కయిన అన్న, మీరెలా అనుకుంటే అలాగే అని పేపరు వెనక తలదాచుకున్నాడు.

ఒక నెల లాభమంతా పెట్రోలు ట్యాంకులోకే పోయాక వదిన విసిగి సరేనంది. మెకానిక్ పాత డీజిలు ఇంజను ఒకటి తెచ్చి బిగించాడు. తీసిన పెట్రోలు ఇంజను అతనే కొనుక్కున్నాడు.

ఆ బండిలో వెళ్లిన మొదటి సరుకు మూడంతస్తుల పెళ్లి కేకు. పొద్దుటి నుంచి నిలబడి క్రీము పూలు దిద్దిన వదిన, నడుం పట్టేసినా, పక్క సీట్లో కూర్చుని తోడు వెళ్లింది. హాలు దగ్గర వెనక తలుపు తీసేసరికి పై అంతస్తు కింది దాంట్లోకి కూరుకుపోయి ఉంది. పూలన్నీ అట్టపెట్టెకు అంటుకుపోయాయి. వదిన అక్కడే చాకుతో సరిచేయబోయింది గానీ కుదరలేదు. పెళ్లికూతురి తల్లి ఒక్క మాటా అనకుండా పెట్టె మూసి తిరిగి ఇచ్చేసింది. తిట్టినా అంత బాధుండేది కాదు.

తిరుగు దారిలో వదిన నిలదీసింది.

"బండి అదురుతుందని మెకానిక్ నీకు చెప్పాడా, లేదా?"

"చెప్పాడు వదినా. కాస్త అదురుతుందన్నాడు."

"కాస్తంటే ఎంతో అడగాలనిపించలేదా నీకు?"

మర్నాడే మరిది ఇంజను కింద రబ్బరు ముక్కలు వేయించాడు, కేకుల కింద పాత పరుపు పరిచాడు, వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా నత్తలా నడిపాడు. క్రీము మాత్రం నిలవలేదు. ఈలోగా డీజిలు ధర కూడా ఎగబాకి పెట్రోలుకు చెయ్యందేంత దూరంలో ఆగింది. పాత పెట్రోలు ఇంజను తిరిగి బిగించమని అడగబోతే, దాన్ని అప్పుడే ఎవరికో అమ్మేశానన్నాడు మెకానిక్.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది వదిన, పిండి గిన్నె ఠపీమని బల్ల మీద పెడుతూ.

చివరికి దారి ఆవిడే చూసింది. ఎంత కుదిపినా చెడని బన్నులు చేసి క్యాంటీన్లకు వ్యానులో పంపడం మొదలుపెట్టింది. కేకులు మాత్రం ఆటోలో, ఒళ్లో పెట్టుకుని తనే తీసుకెళుతుంది. బన్నుల మీద మిగిలేది ఆటోకి పోతుంది. చేతులకు తిమ్మిర్లు అదనం.

మొన్నొక మధ్యాహ్నం ఆవిడ ఆటో ఎక్కుతుంటే మరిది బన్నుల ట్రేలు దించి దగ్గరికొచ్చాడు.

"వదినా, గ్యాసుతో నడిచే ఇంజన్లు అస్సలు అదరవట."

వదిన కేకు పెట్టె ఒళ్లో సర్దుకుని, పోనిమ్మని ఆటో అతనితో చెప్పింది.