ఆ అమ్మాయి పేరు

"పద్మా, ఇది ఎలా ఉందో చెప్పు," అంటూ మా ఆయన భరత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. శనివారం వాళ్ల కంపెనీలో ఫ్యామిలీ డే. మంచి టీమ్‌ను ఎలా తయారుచేయాలో అతను స్టేజీ మీద మాట్లాడాలి. "టీమ్‌లో ప్రతి మనిషి మాటకూ విలువుండాలి," అని చదివాడు. బాగుందన్నాను. మా ఆఫీసులో జరిగింది చెప్పబోతే, "ఉండు, ఇది అయిపోనీ," అన్నాడు.

భోజనాల దగ్గర చెప్పాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న మా ఆఫీసులో, మా టీమ్‌లోకి జెస్సీ అని కొత్తమ్మాయి వచ్చింది. తొందరలో క్లయింటు ఆర్డర్లన్నీ చెరిపేసింది. బ్యాకప్ నుంచి మళ్లీ తెచ్చుకున్నాం గానీ, ఫోన్ మీటింగులో క్లయింటు ఒకటే పట్టు, ఎవరు చేశారో చెప్పమని. "మా పద్ధతిలోనే లోపముంది. టీమ్ తరఫున బాధ్యత నాది," అన్నాను. ఆ తర్వాత మా వాళ్లలో ఓ మార్పు వచ్చింది. తప్పు జరిగితే దాచకుండా ముందే వచ్చి చెప్తున్నారు. అది చూసే మా మేనేజర్ ఓంకార్ గారు నన్ను టీమ్ లీడ్‌గా ఉండమని అడిగారు.

"పిచ్చిదానివా? ఎవరి తప్పో నువ్వు నెత్తినేసుకుంటావా?" అన్నాడు భరత్. "లీడ్ అంటే సాయంత్రాలన్నీ ఫోన్ మీటింగులే. ఇల్లెవరు చూస్తారు? వద్దని చెప్పెయ్."

అత్తయ్య కూడా, "ఉన్న ఉద్యోగం చాలదా తల్లీ," అంది.

గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో, అత్తయ్య బీపీ మాత్రలు ఎప్పుడు నిండుకుంటాయో గుర్తుపెట్టుకునేది నేనే. అదొక పనని ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎప్పుడూ ఆగలేదు కాబట్టి. ఆఫీసులో ఓంకార్ గారు ఎదురుపడినప్పుడల్లా, జవాబు అడుగుతారేమోనని, ఏదో పనున్నట్టు తప్పుకునేదాన్ని.

శనివారం పట్టుచీర కట్టుకుని, మిగతా భార్యల మధ్య కూర్చున్నాను. భరత్ చక్కగా మాట్లాడుతున్నాడు. మధ్యలో గొంతు తగ్గించి, "ఓసారి మా టీమ్‌లో కొత్తమ్మాయి క్లయింటు ఆర్డర్లన్నీ చెరిపేసింది," అన్నాడు. నేను చటుక్కున నిటారుగా కూర్చున్నాను. "ఎవరు చేశారని క్లయింటు నిలదీశాడు. బాధ్యత నాది అన్నాను." హాలంతా చప్పట్లు. పక్కనున్న సౌమ్య అనే ఆవిడ నా చెయ్యి నొక్కి, "అదృష్టవంతులండీ మీరు," అంది.

నేను చేస్తే పిచ్చి అన్న పని అతని నోట్లో గొప్పతనమైంది. కోపం కాదు, ముందు ఆశ్చర్యమే వేసింది. మా ఇంట్లో అన్నం తిన్నంత మామూలుగా తీసేసుకున్నాడు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. మైకు అందుకుని లేచాను.

"ఆ అమ్మాయి పేరేంటండీ?"

భరత్ నావైపు చూశాడు. అంత చెప్పినా పేరు అతని చెవిన పడలేదని అప్పుడే నాకు తెలిసింది. గొంతు సవరించుకున్నాడు.

"పేరు బయటపెట్టను. అది నా టీమ్‌కు నేనిచ్చే గౌరవం," అన్నాడు.

మళ్లీ చప్పట్లు, ఇంకా గట్టిగా.

కారులో ఇంటికి బయల్దేరాం. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక, "అందరి ముందు నన్ను ఇబ్బంది పెట్టాలా? నీదైతే ఏంటి, నాదైతే ఏంటి? మనం వేరా?" అన్నాడు.

బ్యాగులోంచి ఫోన్ తీసి ఓంకార్ గారికి చేశాను. సెలవు రోజు చేసినందుకు క్షమించమని, లీడ్‌గా సోమవారం నుంచే మొదలుపెడతానని చెప్పాను. ఆయన సంతోషించారు. అంతలోనే ఏదో అనుమానమొచ్చినట్టు, "ఇంట్లో ఒప్పుకున్నారా మేడమ్?" అని అడిగారు.

భరత్ స్టీరింగ్ పట్టుకుని నావైపే చూస్తున్నాడు.

"నేను ఒప్పుకున్నాను సర్," అన్నాను.